100కి 90: ఒక లాయర్ నాలుక ప్రపంచ వైన్ ధరల్ని ఎలా రాసింది?

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇవాళ్టి ఎపిసోడ్ వైన్ గురించి, కానీ తాగమని చెప్పడానికి కాదు. మద్యపానం ఆరోగ్యానికి హానికరం, ఆ లైను స్క్రీన్ మీద కూడా వేశాం. నిజానికి ఇది మార్కుల కథ.

మార్కులంటే ఏంటో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. ఇంటర్‌లో 34 వచ్చినవాడికీ 35 వచ్చినవాడికీ ఉన్న తేడా ఒక్క మార్కు. కానీ ఆ రోజు ఇంట్లో వాతావరణంలో ఉండే తేడా వేరే. శుక్రవారం పొద్దున సినిమాకి వెబ్‌సైట్‌లో 2.75 పడిందా, 3 పడిందా అని నిర్మాత ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. ఆ పావు పాయింటుకి అర్థం ఏంటి అని అడిగితే ఇచ్చినవాడు కూడా సరిగ్గా చెప్పలేడు. కానీ సాయంత్రం షో బుకింగ్ దాని మీద ఆధారపడొచ్చు.

ఇప్పుడు ఇలా ఊహించండి. ఒక్క మనిషి. ఫ్రాన్స్‌లో వందల ఏళ్ళుగా వైన్ చేస్తున్న కుటుంబాలు, వాళ్ళ సరుక్కి ధర ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి ఆ ఒక్క మనిషి వేసే మార్కు కోసం ఎదురుచూసేవి. అతను ఫ్రెంచివాడు కాదు. వైన్ వ్యాపారి కొడుకు కాదు. అమెరికాలో ఒక బ్యాంకు లాయర్. పేరు రాబర్ట్ పార్కర్.

1947లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్‌లో పుట్టాడు. పెరిగింది ఆ ఊరి దగ్గరే ఉన్న మాంక్‌టన్ అనే పల్లె ప్రాంతంలో. ఇంట్లో వైన్ అలవాటు లేదు. భోజనంతో పాటు కూల్‌డ్రింకులు తాగే మామూలు అమెరికన్ కుటుంబం. 1967లో అతని గర్ల్‌ఫ్రెండ్ పాట్ చదువుకోసం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వెళ్ళింది. ఈయన చూడ్డానికి వెళ్ళాడు. పారిస్‌లో కోకా కోలా కంటే వైనే చౌకగా ఉంది, అందుకని వైన్ తాగడం మొదలుపెట్టాను అని పార్కర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అంటే ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్ల తలరాత రాసిన మనిషి, డబ్బులు మిగుల్చుకోడానికి వైన్ మొదలుపెట్టాడు. ఆ పాట్‌నే పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఫ్రెంచి టీచర్. ఫ్రాన్స్‌లో తిరిగినప్పుడు ఈయనకి మాటసాయం కూడా ఆమెదే.

1973లో లా డిగ్రీ వచ్చింది. రైతులకి రుణాలిచ్చే ఒక బ్యాంకు సంస్థలో లాయర్‌గా చేరాడు. ఉద్యోగం బోరు. సాయంత్రాలు స్నేహితులతో కూర్చుని సీసాలు కొనుక్కుని రుచి చూడ్డం, నోట్సు రాసుకోవడం.

ఇక్కడ ఆ కాలం సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే పార్కర్ చేసింది ఎందుకంత పెద్ద విషయమో అర్థం కాదు. అప్పట్లో వైన్ గురించి రాసేవాళ్ళలో చాలామందికి వైన్ వ్యాపారంతో ఏదో ఒక సంబంధం ఉండేది. కొందరు స్వయంగా అమ్మేవాళ్ళు. కొందరు వేలం సంస్థల్లో పనిచేసేవాళ్ళు. మరికొందరు తోటల యజమానుల ఇళ్ళల్లో విందు చేసి వచ్చి రాసేవాళ్ళు. వాళ్ళంతా అబద్ధాలే రాశారని కాదు, వాళ్ళలో గొప్ప పరిజ్ఞానం ఉన్నవాళ్ళున్నారు. కానీ నిన్న వాళ్ళింట్లో భోంచేసి ఇవాళ వాళ్ళ సరుకు బాలేదని రాయడం ఎవరికైనా కష్టమే. పెళ్ళి భోజనం బాలేదని పెళ్ళికొడుకు తండ్రి ముందు ఎవరంటారు?

అదే రోజుల్లో అమెరికాలో రాల్ఫ్ నాడెర్ అనే లాయర్ పేరు మోగిపోతోంది. కార్ల కంపెనీలు భద్రత గురించి పట్టించుకోవడం లేదని పోరాడి, వినియోగదారుల హక్కుల ఉద్యమానికి ముఖంగా మారినవాడు. పార్కర్‌కి ఆయనంటే ఆరాధన. నాడెర్ కార్లకి చేసింది నేను వైన్‌కి చేస్తాను అనుకున్నాడు. నియమం చాలా సింపుల్. ప్రకటనలు తీసుకోను. వ్యాపారులతో లావాదేవీ పెట్టుకోను. చందాదారులు ఇచ్చే డబ్బుతోనే నడుపుతాను. కొనేవాడి తరఫునే రాస్తాను.

1978లో, తల్లి దగ్గర 2,000 డాలర్లు అప్పు తీసుకుని మొదటి సంచిక వేశాడు. పేరు బాల్టిమోర్-వాషింగ్టన్ వైన్ అడ్వకేట్. వైన్ షాపుల మెయిలింగ్ లిస్టులు సంపాదించి జనానికి ఉచితంగా పంపించాడు. రెండో సంచిక నాటికి దాదాపు 600 మంది చందా కట్టారు. తర్వాతి ఏడాది పేరులోంచి ఊళ్ళు తీసేసి వైన్ అడ్వకేట్ అని మాత్రమే ఉంచాడు. బ్యాంకు ఉద్యోగం మాత్రం వదల్లేదు. 1984 దాకా పొద్దున లాయర్, సాయంత్రం రివ్యూయర్. యూట్యూబ్ పెట్టి సంవత్సరాల తరబడి ఉద్యోగం వదలకుండా నడిపే మనవాళ్ళ లెక్కే అనుకోండి. నాకు తెలిసిన బాధే అది.

ఇప్పుడు అసలైన ఆయుధం దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్ వాళ్ళు 20కి మార్కులు వేసేవాళ్ళు, లేదా స్టార్లు ఇచ్చేవాళ్ళు. పార్కర్ 100కి వేశాడు. ఎందుకంటే బడిలో 100కి మార్కులంటే ప్రతి అమెరికన్‌కీ తెలుసు. 90 అంటే ఏ గ్రేడ్, 80 అంటే పర్లేదు, 70 అంటే అమ్మానాన్నలకి చూపించడానికి భయం. ఒక్క చిన్న ట్రిక్కుంది. సున్నా నుంచి మొదలవదు. ప్రతి వైన్‌కీ ఊరికే 50 మార్కులు. మిగతా 50లో రంగుకీ రూపానికీ 5, వాసనకి 15, రుచికీ మింగాక నోట్లో నిలిచే అనుభూతికీ 20, మొత్తం నాణ్యతకీ ముందు ముందు ఎలా పండుతుందన్నదానికీ 10. కాబట్టి 80 వచ్చిందంటే నిజంగా 50కి 30 వచ్చినట్టు. వినడానికి మాత్రం డిస్టింక్షన్ లాగా ఉంటుంది.

వైన్ షాపుకి వెళ్ళిన కొత్తవాడి పరిస్థితి ఊహించండి. నోరు తిరగని ఫ్రెంచి పేర్లు, సీసాలన్నీ ఒకేలా ఉన్నాయి, అడిగితే నవ్వుతారేమో అని సిగ్గు. అక్కడ ర్యాక్ మీద ఒక చిన్న కార్డు: పార్కర్, 92. అంతే, సీసా తీసుకుని బిల్లు కట్టేస్తాడు. ఒక ముక్క ఫ్రెంచి రాకుండా, ఎవరి ముందూ చిన్నబోకుండా కొన్నాడు. దీన్ని తేలిగ్గా తీసేయకండి. పెద్దింటివాళ్ళ రహస్యంలా ఉన్నదాన్ని మామూలు జీతగాడికి తెరిచి పెట్టింది ఆ నంబరే.

పార్కర్‌ని పార్కర్ చేసింది మాత్రం 1982.

ఫ్రాన్స్ నైరుతి దిక్కున బోర్డో అనే ప్రాంతం ఉంది. ఖరీదైన ఎర్ర వైన్లకి రాజధాని లాంటిది. అక్కడి పెద్ద ఎస్టేట్లని షాతో అంటారు. వాటిలో కొన్నింటికి 1855లోనే ర్యాంకులు వేశారు, ఆ ర్యాంకులు ఇప్పటికీ దాదాపు అలాగే ఉన్నాయి. అక్కడ అమ్మకం పద్ధతి తమాషాగా ఉంటుంది. శరదృతువులో ద్రాక్ష కోస్తారు. తర్వాతి వసంతంలో, వైన్ ఇంకా పీపాల్లో పచ్చిగా, వగరుగా ఉండగానే రివ్యూయర్లనీ వ్యాపారుల్నీ పిలిచి రుచి చూపిస్తారు. అప్పుడే ధర చెప్పి అమ్మేస్తారు. సీసా చేతికి రావడానికి మాత్రం ఇంకో ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఫ్లాట్ పునాది చూసి అడ్వాన్స్ కట్టడం లాంటిదన్నమాట. పిందె చూసి పండు రుచి చెప్పాలి. కాబట్టి చెప్పేవాడి మాటకి విలువెక్కువ.

1982 పంట బాగా ఎండల్లో పండింది. 1983 వసంతంలో పీపాల దగ్గర రుచి చూస్తే వైన్లు మెత్తగా, నిండుగా, అప్పుడే తాగేయొచ్చన్నట్టు ఉన్నాయి. అమెరికాలో అప్పటికి పేరున్న విమర్శకుడు, శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన రాబర్ట్ ఫినిగన్‌కి అవి నచ్చలేదు. ఇవి నిలవుండే రకం కావన్నాడు. ఇంకొందరు కూడా అనుమానపడ్డారు. పార్కర్ మాత్రం ఇది మహత్తరమైన పంట, కొనండి అని రాశాడు. సరిగ్గా అప్పుడే డాలర్ బలంగా ఉంది, ఫ్రెంచి ఫ్రాంక్ నీరసంగా ఉంది. అమెరికన్లు ఎగబడి కొన్నారు. ఆ వైన్ల ధరలు పెరుగుతూనే పోయాయి, 1982 ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పంటల్లో ఒకటని లోకం ఒప్పుకుంది. ఫినిగన్ పలుకుబడి తగ్గిపోయింది. పార్కర్ మరుసటి ఏడాది బ్యాంకుకి రాజీనామా ఇచ్చేశాడు.

ఇక అక్కణ్ణుంచి ఆయన జీవితం యంత్రం. ఏడాదికి 10,000 వైన్ల దాకా రుచి చూసేవాడని చెప్తారు. సెలవుల్లేకుండా లెక్కేసినా రోజుకి 27. మింగరు లెండి, ఉమ్మేస్తారు. ముక్కుకీ నాలుక్కీ కలిపి పది లక్షల డాలర్లకి ఇన్సూరెన్స్ చేయించారు. చందాదారులు 50,000 దాటలేదంటారు, కానీ ఆ 50,000 మందిలో ప్రపంచంలోని పెద్ద వైన్ షాపులు, దిగుమతిదారులు, రెస్టారెంట్లు ఉన్నాయి. షాపుల వాళ్ళలో ఒక జోకు నడిచేది: 90 కంటే తక్కువొస్తే అమ్మలేం, ఎక్కువొస్తే మనకి సరుకు దొరకదు.

ఫ్రాన్స్ ఈయన్ని ఎలా చూసింది? రెండు రకాలుగా. ఒక పక్క సన్మానాలు. 1999లో అధ్యక్షుడు జాక్ షిరాక్ చేతుల మీదుగా లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం. ఇంకో పక్క కుక్కలు. నిజంగానే కుక్క. షెవాల్ బ్లాం అని బోర్డోలో చాలా పెద్ద పేరున్న షాతో. వాళ్ళ 1981 వైన్ గురించి పార్కర్ బాగా రాయలేదు. మేనేజర్ జాక్ ఎబ్రార్‌కి కోపం వచ్చింది, మళ్ళీ వచ్చి రుచి చూడమన్నాడు. పార్కర్ వెళ్తే గుమ్మంలో ఎబ్రార్ గారి కుక్క కాలు పట్టుకుంది. పార్కర్ చెప్పేదాని ప్రకారం, రక్తం తుడుచుకోడానికి ఏదైనా ఇవ్వండి అంటే ఎబ్రార్ ఆయన పత్రికే తెచ్చి ఇచ్చాడు. ఇది పార్కర్ వైపు కథ, ఆ గదిలో నేనూ లేను మీరూ లేరు. కానీ ఆ తర్వాతి భాగమే నాకు ముఖ్యం. పార్కర్ ఆ వైన్ మళ్ళీ రుచి చూశాడు. తను మొదట వేసింది తప్పనిపించింది. మార్కు పెంచి రాశాడు. కాలికి కట్టు కట్టుకుని మార్కు పెంచినవాణ్ణి అమ్ముడుపోయాడని ఎవరనగలరు?

ఆ నిజాయితీ మీద మొదటి ఇరవై ఏళ్ళు పెద్దగా ఎవరికీ అనుమానం లేదు. పార్కర్ మీద ఉన్న అసలు ఆరోపణ డబ్బు తీసుకున్నాడని కాదు. అంతకంటే చిక్కైనది. ఆయనకి నచ్చేది ఒక రకం రుచి. బాగా పండిన ద్రాక్ష, చిక్కటి రంగు, నోరంతా నిండే పండు రుచి, కొత్త ఓక్ పీపాల నుంచి వచ్చే వెనీలా లాంటి వాసన, కాస్త ఎక్కువ ఆల్కహాల్. తప్పేం లేదు. నాకు ఆవకాయ ఘాటుగా ఉంటేనే నచ్చుతుంది, మీకు మామిడికాయ పప్పు నచ్చొచ్చు. కానీ నాకు నచ్చిన ఆవకాయకే రాష్ట్రమంతా ధర పలుకుతుందని తెలిస్తే ఏమవుతుంది? రెండేళ్ళలో గుంటూరు నుంచి గోదావరి దాకా అందరూ నా నాలుక కోసం కారం కలపడం మొదలుపెడతారు. మెంతులేసి చేసే అమ్మమ్మ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

బోర్డోలో దాదాపు అదే జరిగిందని విమర్శకుల వాదన. ద్రాక్ష ఇంకా ఆలస్యంగా కోయడం, చిక్కదనం కోసం పచ్చి గుత్తులు కోసి పారేసి కాపు తగ్గించడం, కొత్త పీపాలు కొనడం. మిషెల్ రోలాం అనే కన్సల్టెంట్ పేరు ఇక్కడ వస్తుంది. పోమెరోల్ ప్రాంతంవాడు, పార్కర్‌కి స్నేహితుడు, డజను దేశాల్లో వందకి పైగా వైనరీలకి సలహాదారు. ఆయన సలహాలతో చేసిన వైన్లకి పార్కర్ మార్కులు బాగా పడేవి. దీనిలో కుట్ర ఉందని ఎవరూ నిరూపించలేదు. ఇద్దరి నాలుకలూ ఒకటే, అంతే. కానీ మార్కెట్‌కి కుట్ర అక్కర్లేదు కదా. 2004లో జొనాథన్ నాసిటర్ తీసిన మాండోవినో అనే డాక్యుమెంటరీలో ఈ ఇద్దరూ ప్రముఖంగా కనిపిస్తారు. ఎక్కడి వైన్ తాగినా ఒకేలా ఉంటోంది, మట్టి రుచి పోతోంది అన్నది దాని ఆవేదన. ఈ ధోరణికి పార్కరైజేషన్ అని పేరు కూడా పెట్టేశారు.

నాలాంటి ఇంజనీర్‌కి నోరెళ్ళబెట్టించే విషయం మాత్రం కాలిఫోర్నియాలో ఉంది. ఈనోలాజిక్స్ అనే కంపెనీ. వాళ్ళ పని ఏంటంటే, ద్రాక్షరసంలో, వైన్‌లో ఉన్న రసాయనాలు కొలుస్తారు. రంగునిచ్చేవి, వగరునిచ్చేవి, వాసననిచ్చేవి. వాటిని ఇప్పటికే మార్కులు పడ్డ వైన్ల డేటాబేస్‌తో పోల్చి, నీ వైన్‌కి విమర్శకులు ఎంత వేస్తారో ముందే అంచనా చెప్తారు. పెంచుకోవాలంటే ఏం చేయాలో కూడా చెప్తారు. అంటే పేపర్ దిద్దేవాడి మనసు కనిపెట్టి పాఠం చెప్పే కోచింగ్ సెంటర్! నేను ఉద్యోగం చేసినప్పుడు ఒక టీంలో, వారానికి ఎన్ని బగ్‌లు క్లోజ్ చేశావన్నదే లెక్క. నెల తిరిగేసరికి ఒక బగ్‌ని మూడు ముక్కలు చేసి మూడు టిక్కెట్లు వేయడం అందరం నేర్చేసుకున్నాం. సాఫ్ట్‌వేర్ బాగుపడిందా అంటే, ఆ సంగతి వదిలేయండి.

న్యాయంగా అవతలి వైపు కూడా చెప్పాలి. పార్కర్ రాకముందు పెద్ద పేర్లున్న షాతోల్లో కొన్ని నిజంగానే సోమరిగా తయారయ్యాయి. 1855 ర్యాంకు ఉంది కదా, ఎలా చేసినా అమ్ముడుపోతుంది అన్న ధీమా. పాత మురికి పీపాలు, అతిగా కాపు తీసి నీళ్ళలా తయారైన వైన్లు. వాటికి తక్కువ మార్కులు వేసి కదిలించింది పార్కరే. రోన్ లోయ లాంటి ప్రాంతాల్ని, అప్పటిదాకా రెండో తరగతి అనుకున్నవాటిని, ముందు వరసలో కూర్చోబెట్టిందీ ఆయనే. సెంట్ ఎమిలియాన్‌లో జాన్ లూక్ తునెవాం అనే ఒకప్పటి బ్యాంకు ఉద్యోగి, 1989లో అర ఎకరమో ఎకరమున్నరో అన్నంత చిన్న చెక్క కొని, 1991లో మొదటి వైన్ చేశాడు. పెద్ద సెల్లార్ లేదు, గ్యారేజీ లాంటి చోటే. పేరు వలాంద్రో. పార్కర్ మెచ్చుకున్నాడు, దాని దశ తిరిగింది. 2012లో ఆ వలాంద్రోకి సెంట్ ఎమిలియాన్ పై ర్యాంకుల్లో చోటిచ్చారు. తాతముత్తాతల కోట లేనివాడు ఆ వరసలోకి వెళ్ళడం పాత వ్యవస్థలో అయ్యే పని కాదు. ఇంకోటి, ఆ దశాబ్దాల్లో ఎండలు కూడా పెరిగాయి. వైన్‌లో ఆల్కహాల్ పెరిగిందంటే పాపమంతా పార్కర్ నెత్తిన పెట్టలేం.

ఈ గొడవంతా ఒక్క సీసాలో పేలింది. పావీ, 2003. పార్కర్ దాన్ని ఆకాశానికెత్తాడు. ఇంగ్లండ్‌లో అంతే పేరున్న విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ అదే వైన్‌కి 20కి 12 వేసింది. ఇది బోర్డో వైన్‌లా లేనే లేదు, కాలిఫోర్నియాలో ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసినట్టుంది అన్న అర్థంలో రాసింది. 2004లో ఇద్దరి మధ్యా బహిరంగంగా మాటల యుద్ధం జరిగింది. చూడండి, ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ దశాబ్దాల అనుభవం ఉంది, పీపాలోది ఒకటే వైన్. ఒకరికి ఫస్ట్ ర్యాంకు, ఒకరికి బొటాబొటి పాసు. మరి నంబర్ దేన్ని కొలుస్తున్నట్టు? సీసానా, నాలుకనా? కొసమెరుపేంటంటే, 2012 ర్యాంకుల్లో ఆ పావీకి ఏకంగా అన్నిటికంటే పై మెట్టు దక్కింది.

సరే, పార్కర్ మార్కు నిజంగా ధర మార్చిందా, లేక మంచి వైన్‌కి ఎలాగూ మంచి ధర వస్తుందా? ఇది తేల్చడం మామూలుగా కష్టం. ఆయన లేని ప్రపంచం ఒకటి కావాలి పోల్చడానికి. విచిత్రంగా అది దొరికింది. 2003 వసంతంలో ఇరాక్ యుద్ధం. పార్కర్ ఎప్పటిలా బోర్డో వెళ్ళలేదు. దాంతో 2002 పంటకి ఆయన మార్కులు రాకముందే షాతోలు ధరలు చెప్పేయాల్సొచ్చింది. మన భాషలో ఏ-బీ టెస్ట్ దానంతటదే జరిగిపోయింది. హేలా హాజ్ అలీ, సెబాస్టియన్ లెకాక్, మైకేల్ విస్సర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని పట్టుకుని, మామూలు సంవత్సరం ధరలతో పోల్చి లెక్కకట్టారు. వాళ్ళ అధ్యయనం 2008లో వచ్చింది. పార్కర్ ప్రభావం సగటున సీసాకి 2.80 యూరోలు అని తేలింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది షాతో గుమ్మం దాటేటప్పటి ధర మీద సగటు. ఒక్కో షాతో లక్షల సీసాలు చేస్తుంది. ఒక్క మనిషి విమానం ఎక్కడం, ఎక్కకపోవడం మీద అంత డబ్బు ఆధారపడిందన్నమాట.

అదే 2008లో ఇంకో అధ్యయనం కూడా వచ్చింది. పార్కర్ మీద కాదు, మొత్తం మార్కుల వ్యవహారం మీద. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్‌కి కాలిఫోర్నియాలో చిన్న వైనరీ ఉంది. తన వైన్‌కి ఒక పోటీలో బంగారు పతకం, ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం ఎందుకో అర్థం కాలేదు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో జడ్జీలకి తెలియకుండా, ఒకే సీసా నుంచి పోసిన వైన్‌ని మూడుసార్లు ముందు పెట్టించాడు. ఒకే జడ్జీ, ఒకే వైన్, మార్కు మాత్రం మామూలుగా అటూ ఇటూ నాలుగు పాయింట్లు ఊగింది. నిలకడగా ఇచ్చినవాళ్ళు పదిమందిలో ఒకరు. ఇప్పుడు 89కీ 90కీ ఉన్న తేడా గుర్తు చేసుకోండి. షాపులో ఆ తేడా మీద ఒక రైతు ఏడాది కష్టం అమ్ముడుపోవడమో మిగిలిపోవడమో జరిగేది.

పార్కర్ పతనం అంటే అతిశయోక్తి అవుతుంది, కానీ మెరుగు తగ్గడం మాత్రం ఆ రోజుల్లోనే మొదలైంది. దానికి ముందే కొన్ని గొడవలున్నాయి. 1990ల్లో బర్గండీ ప్రాంతంలోని ఫ్రాన్స్వా ఫేవ్‌లే అనే ఉత్పత్తిదారుడు, తన వైన్ల గురించి పార్కర్ పుస్తకంలో రాసిన మాట పరువు తీసేలా ఉందని కేసు వేశాడు. కోర్టు బయటే రాజీ అయ్యింది. కొన్నాళ్ళకి బర్గండీ బాధ్యతని పార్కర్ వేరేవాళ్ళకి అప్పగించాడు. అమెరికాలోని ఆరెగాన్‌లో బావమరిదితో కలిసి ఆయనకో వైనరీలో వాటా ఉండేది, బో ఫ్రేర్. దాని గురించి తన పత్రికలో రివ్యూ రాయనన్నాడు. అయినా రిఫరీకి సొంత టీం ఏంటని అడిగినవాళ్ళున్నారు, అడగడంలో తప్పులేదు.

అసలు దెబ్బ సొంత టీం నుంచి తగిలింది. పని పెరిగి రివ్యూయర్లని పెట్టుకున్నాడు. 2009లో ఒక వైన్ బ్లాగర్ బయటపెట్టిన విషయం: వాళ్ళలో ఇద్దరు పరిశ్రమ వర్గాల ఖర్చుతో విదేశీ టూర్లు తిరిగారు. మా ఖర్చులు మేమే పెట్టుకుంటాం అన్నది ఈ పత్రికకి పునాది రాయి. పార్కర్ మొదట ఇచ్చిన వివరణ, వాళ్ళు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మీద రాసేవాళ్ళు అని. ఎంత లాయర్ సమాధానం చూశారా! సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాంట్రాక్టర్ తప్పు చేసినా క్లయింట్ కంపెనీనే అడుగుతాడు. తర్వాత నిబంధనలు గట్టి చేశాడు. 2011లో స్పెయిన్‌లో ఇంకోటి. ఒక సీనియర్ రివ్యూయర్ తోటలకి రావాలంటే మధ్యవర్తి డబ్బు అడిగాడన్న ఆరోపణ. ఆ రివ్యూయర్ తాను వైన్ తయారీదారుల నుంచి సందర్శనకి డబ్బు తీసుకోలేదన్నాడు, మధ్యవర్తి కూడా తప్పేమీ లేదన్నాడు. రివ్యూయర్ మాత్రం డిసెంబరులో పత్రిక నుంచి తప్పుకున్నాడు.

నాకు ఇందులో బాధ కలిగించేది ఏంటంటే, 1978లో పార్కర్ ఎవరి మీద తిరగబడ్డాడో గుర్తుందా? వ్యాపారుల విందులు తిని రాసేవాళ్ళ మీద. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ప్రశ్నకి తన పత్రిక తరఫున సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. తను స్వయంగా తినకపోవచ్చు. కానీ ఆ విందు ఎప్పుడూ ఆగలేదు, కుర్చీలు మారాయంతే.

2012 చివర్లో పత్రికలో పెద్ద వాటాని సింగపూర్ మదుపుదారులకి అమ్మేశాడు. 2017లో మిషెలిన్, అదే టైర్ల కంపెనీ, హోటళ్ళకి స్టార్లు ఇచ్చే మిషెలిన్, 40 శాతం కొంది. 2019లో మొత్తం తీసుకుంది. ఒక ఫ్రెంచి కంపెనీ! ఫ్రెంచివాళ్ళ పెత్తనం మీద తిరగబడి పుట్టిన పత్రిక చివరికి ఫ్రెంచివాళ్ళ చేతికే చేరింది. అదే ఏడాది మే నెలలో, 71 ఏళ్ళ వయసులో పార్కర్ అధికారికంగా రిటైరయ్యాడు.

ఇప్పటి కుర్రాళ్ళు విమర్శకుల్ని పెద్దగా అడగట్లేదు. ఫోన్ తీసి సీసా లేబుల్‌కి ఫొటో కొడితే, వీవినో లాంటి యాప్‌లో వేలమంది ఇచ్చిన స్టార్ల సగటు వచ్చేస్తుంది. 4.1, 3.8. బిర్యానీ ఆర్డర్ పెట్టేటప్పుడు మనం చూసే నంబర్లే.

అయినా అమెరికా షాపుల్లో ర్యాక్ మీద ఆ చిన్న కార్డులు ఇంకా ఉన్నాయి. ఆ పత్రికలో ఎవరు రుచి చూసి వేసిన మార్కుకైనా చాలా షాపులు ఇప్పటికీ ఆర్‌పీ అనే రాస్తాయి. రాబర్ట్ పార్కర్ అన్నమాట. ఆర్‌పీ, 95. ఆ సీసాని ఆయన చూసి కూడా ఉండడు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.